పలనాటి వీరగాథయు నంతర్జాలమును

ఆంధ్రదేశమున వీరగాథ యనినంతనే మొదట స్ఫురించునది పలనాటి కథ. కృష్ణానదికి దక్షిణముగా, నల్లమల యంచున, గురజాల, మాచర్ల, కారెంపూడి గ్రామములను నడుమ నుంచుకొని వ్యాపించిన యీ సీమ బహుకాలము గుంటూరు మండలమున నొక భాగమై యుండెను. 4-4-2022 తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పలనాడు జిల్లా వేఱుగా నేర్పడినది. జిల్లా క్రొత్తది, సీమ ప్రాతది. ఆ ప్రాతపేరునకు ఆంధ్రదేశమంతట వ్యాప్తి గలిగించినది వీరకథయే.

ఆ కథలో చరిత్రాంశ మెంత, కల్పన యెంత యను విచారము పండితు లనేకులు చేసియున్నారు. ఇచ్చటి విచారము వేఱు. కథను మోసిన సాధనములు కాలక్రమమున నెట్లు మాఱెను? సాధనము మాఱినపుడెల్ల కథకును ప్రజకును గల సంబంధ మెట్లు మాఱెను? కడపట వచ్చిన యంతర్జాలము దాని కేమి చేకూర్చినది, దానినుండి యేమి హరించినది? ఈ ప్రశ్నలను వరుసగా విచారించినచో నొక యంశము స్పష్టమగును. అంతర్జాలము పలనాటి మాటను మునుపెన్నడు లేనంత దూరము వ్యాపింపజేసినది. కాని ఖండములుగా వ్యాపింపజేసినది. ఖండమును పూర్ణముతో జేర్చి చూపు రక్షకుడు లేనిచోట ఆ వ్యాప్తియే హానికి గారణమగును.

గానము

కథ చదువరు లెఱిగినదే. పండ్రెండవ శతాబ్ది చివరిభాగమున హైహయవంశపు టన్నదమ్ములలో గురజాల నేలు నలగామరాజొక వైపును, మాచర్ల నేలు మలిదేవరాజొక వైపును నిలిచిరి. నలగామునకు నాయకురాలు నాగమ్మయు, మలిదేవునకు బ్రహ్మనాయుడును మంత్రాంగము నడపిరి. కోడిపందెమున నోడి మలిదేవాదులు వలస పోయిరి. గడువు తీఱిన పిమ్మట రాజ్యభాగము నడుగ రాయబారిగా వచ్చిన యలరాజు విషప్రయోగమున మడిసెను. అటుపై నాగులేటి యొడ్డున కారెంపూడిలో జరిగిన పోరున బాలచంద్రుడు మొదలగు వీరులు నేలకొఱిగిరి. మాట మోసికొని వచ్చినవానిని జంపుటతో సంధికి గల తుదిమార్గము మూతపడుట యిందు గమనింపదగినది. పలనాటి కథ పౌరుషమును గూర్చిన కథయే కాదు. మాట చేరవలసినచోటికి జేరకపోవుటను గూర్చిన కథ కూడ.

వీరుల కథను గానము చేయువారికి వీరవిద్యావంతులని పేరు. ప్రధానగాయకుడు కత్తి చేతబూని పాడుచుండ, పంబ మ్రోగుచుండ కథ నడచును. ఇది గ్రంథమును జూచి నేర్చు విద్య కాదు. గురువు నోటినుండి శిష్యుని చెవికి వచ్చు విద్య. దీనికి స్థలమును కాలమును నియతములు. ఏటేట కార్తికామావాస్య మొదలుకొని కారెంపూడిలో వీరారాధనోత్సవము అయిదు దినములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని యా దినములకు బేర్లు. నానాగ్రామములనుండి వీరుల యాయుధములగు కొణతములను దెచ్చి నాగులేట స్నానము చేయించి యూరేగింతురు. బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక యందఱను నొక్క పంక్తిని గూర్చుండబెట్టి భుజింపజేసిన చాపకూడును ఈ యుత్సవముననే జ్ఞాపకము చేసికొందురు.

ఈ దినముల వరుసను బరిశీలించినచో నొక విశేషము గానవచ్చును. కథలో కోడిపోరు ముందు. పశువుల మందపై జరిగిన పోరు దాని తరువాత. రాయబారము మహాయుద్ధమునకు ముందు. ఉత్సవములోనన్ననో రాయబారము రెండవదినమున వచ్చును, కోడిపోరు నాలుగవదినమున వచ్చును. ఉత్సవక్రమము కథాక్రమము గాదు. కథ నాద్యంతము నెఱిగిన సభయందే యిట్టి వరుస చెల్లును. ఒక్కొక్క దినమున బ్రదర్శింపబడునది ఖండమే యైనను, చూచువారి మనస్సులలో పూర్ణకథ యుండును గావున ఆ ఖండ మెవ్వరిని దప్పుదారి పట్టింపదు. పాటలో తప్పు దొరలినచో గుర్తింపగల వృద్ధులు సభలోనే కూర్చుందురు. గానకాలమున కథకు రక్షకుడు గాయకుడొక్కడే కాడు. సభ యంతయు రక్షకమే.

శిలయు, తాళపత్రమును, అచ్చును

అయినను గానమునకు స్థైర్యము లేదు. శిష్యుడు లేని గాయకునితో విద్యయు నంతరించును. అందుచే మానవుడు స్థిరసాధనములను వెదకెను. పలనాటిలో నట్టివానియందు మిక్కిలి ప్రాచీనమైనది శిల. మాచర్లకు జేరువ కృష్ణాతీరముననున్న నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకురాజుల కాలపు శాసనము లనేకములు దొరకినవి. 1926లో ఆ స్థలము పురాతత్త్వశాఖవారి దృష్టికి వచ్చెను. 1927 మొదలు లాంగ్‌హర్‌స్టు దొరగారును, 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారును నచ్చట త్రవ్వకములు జరిపించిరి. పిదప నాగార్జునసాగర జలాశయము ఆ లోయను ముంచివేసెను. ముఖ్యమైన శిలలు కొండపైని ప్రదర్శనశాలకు జేర్పబడినవి. శాసనములకు స్థానము పోయినది, పాఠము నిలిచినది. రాతికి మించిన స్థైర్యము లేదను లోకోక్తికి పలనాటిలోనే యపవాదము గలదు. శాసనమును గాపాడినది రాయి గాదు; దానిపై కాగితమొత్తి ప్రతి దీసి, దొరకిన చోటును గుఱుతించి, పాఠమును బ్రకటించినవారి శ్రద్ధ.

వీరకథకు తాళపత్రమెక్కు భాగ్యము శ్రీనాథునివలన గలిగినదని ప్రసిద్ధి. ఆ కర్తృత్వమును గూర్చి భిన్నాభిప్రాయములు లేకపోలేదు. మంజరీద్విపదలోనున్న యా కావ్యము సమగ్రముగా లభింపలేదు. ముఖ్యముగా బాలచంద్రుని యుద్ధఘట్టమే మిగిలినది. పలనాటివారేయైన అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని పీఠికతో ముద్రింపించిరి. 1938లో మఱల ముద్రణ మయ్యెను. అంతవఱకు పలనాటి సభలకును, కొలదిమంది తాళపత్రముల యజమానులకును బరిమితమైన కథ, నాటితో చదువనేర్చిన యాంధ్రులందఱి సొత్తయ్యెను.

అచ్చు తెచ్చిన మార్పు స్వల్పము గాదు. గాయకుడు సభను జూచి కథను బెంచును, కుదించును; అచ్చుపాఠము ఎల్లరకు నొక్కటియే. గానమున విన్నవారు మఱునాడు పాఠమును బోల్చిచూడజాలరు. అచ్చున బోల్చి విమర్శింప వీలు గలిగెను. కథాకాలమును గూర్చియు, వ్యక్తుల చారిత్రకతను గూర్చియు వాదములు పుట్టుట యచ్చువలననే. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1926లో నాయకురాలు నాటకమును వ్రాసిరి. గూడవల్లి రామబ్రహ్మముగా రారంభించి మరణింపగా ఎల్. వి. ప్రసాదుగారు పూర్తిచేసిన పల్నాటి యుద్ధము చలనచిత్రము 1947లో వెలువడెను. అదేపేర 1966లో మఱియొక చిత్రము వచ్చెను. ఇవి యన్నియు పూర్ణకథను దమకు నచ్చినట్లు మలచుకొన్నవే. కాని వానిలో బ్రతిదానికి కర్త గలడు. ఇది ఫలానివాని కథనమని చెప్పుటకు వీలున్నది.

ఖండముగా నిలిచిన ద్విపద కావ్యమునకును, సభలలో నిలిచిన పూర్ణగానమునకును గల భేదమును లోకమునకు జూపినవారు జీన్ రోఘైరు. ఆయన యీ సీమకు వచ్చి గాయకుని నోట గథ నంతయు టేపులపై రికార్డు చేసికొని, ఆంగ్లానువాదముతో నొక పరిశోధనగ్రంథమును రచింపగా 1982లో ఆక్స్‌ఫర్డున నది ముద్రితమయ్యెను. గాయకుడెవ్వడు, ఎప్పుడు పాడెను, కథాక్రమ మెట్టిది యను వివరములు పాటతోబాటు నిలుపబడుటచే ఆ గ్రంథము నేటికిని బ్రమాణముగా నున్నది.

అక్షరము యంత్రమును జేరుట

కంప్యూటరునకు తెలుగు నేర్పుట యొక్కనాటి పని కాదు. 1991లో భారతీయలిపుల కొఱకు ఇస్కీ యను జాతీయప్రమాణమును, ప్రపంచలిపుల కొఱకు యూనికోడు తొలికూర్పును వెలువడినవి. యూనికోడులో తెలుగునకు 128 స్థానములుగల యొక గడి యేర్పడెను. అరసున్నకును, బండిఱకును అందు జోటు దొరకుటచే ప్రాచీనగ్రంథములను యథాతథముగా నెక్కింప వీలు గలిగినది. దంత్య చ-జ లకు 2008లోను, ప్రాచీనశాసనములలో మాత్రమే గానవచ్చు నొక రేఫజాతీయాక్షరమునకు 2015లోను స్థానములు లభించినవి. వేయేండ్లనాడు రాతిపై జెక్కబడి తరువాత మఱపుపడిన యక్షర మొకటి, పలువురు పరిశోధకుల శ్రమచే నేటి ఫోనులో వ్రాయదగినదగుట యక్షరచరిత్రయందు వింతయే.

15-8-1995 నుండి విదేశ సంచార నిగమము భారతదేశమున సామాన్యజనులకు నంతర్జాల సౌకర్యము గల్పించినది. అంతకుముందే అమెరికాలోని తెలుగు విద్యార్థులు రోమను లిపిలో తెలుగు వ్రాయు పద్ధతి నొకదానిని రైస్ విశ్వవిద్యాలయమున సిద్ధపఱచి పరస్పరము సంభాషించుకొనుచుండిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యారంభమయ్యెను. 2016 తరువాత ఫోనుపై నంతర్జాలము చౌకయగుటచే, కంప్యూటరును జూడని గ్రామములకును అది చేరినది. కారెంపూడి యుత్సవము నేడు తిరునాళ్ళకు వచ్చినవారి ఫోనులలో నెక్కి, అదేదినమున దూరదేశములలోని పలనాటివారికి గోచరించుచున్నది. వలసపోయిన కుటుంబమునకు ఇది చిన్న లాభము గాదు.

ప్రాచీనగ్రంథముల విషయమున జరిగిన మేలు మఱియు గొప్పది. చిత్తూరు మండలమున జన్మించిన రాజ్ రెడ్డిగారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి పదిలక్షల పుస్తకముల నంతర్జాలమున నుంచు నుద్యమమునకు నాయకత్వము వహించిరి. దానిలో భాగముగా వెలసిన భారత డిజిటల్ గ్రంథాలయమున తెలుగు పుస్తకములు వేలకొలది చేరినవి. ఏ నగరములోని గ్రంథాలయమునకో పోయి యనుమతి వేడవలసిన పుస్తకము, మాచర్లలోని విద్యార్థికి గదిలోనే దొరకుచున్నది.

కాని యీ నిధికి రెండు లోపములు గలవు. మొదటిది పేరు. ఆ గ్రంథములకు నామములు రోమను లిపిలో నమోదు చేయబడినవి. నమోదున దోషములు విస్తారము. పలనాడను పేరునే రోమను లిపిలో నాలుగైదు విధముల వ్రాయవచ్చును గదా. పేరు తప్పిన గ్రంథము ఉండియు లేనిదే. రెండవది స్థానము. ఆ గ్రంథాలయపు మూలస్థానము కొంతకాలమునకు మూతపడెను. దాని ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవునకు జేరుటచే గ్రంథములు నిలిచినవి. నాగార్జునకొండ శాసనములకు బట్టిన గతియే వీనికిని బట్టెను: మూలస్థానము పోయినను, ప్రతిదీసినవారుండుటచే పాఠము బ్రదికినది. నష్టము యంత్రమువలన రాలేదు, లాభమును యంత్రముచేతనే రాలేదు. పేరు దిద్దువాడును, ప్రతి దీయువాడును రెంటికిని గారకులు.

ఇందుకు మంచి యుదాహరణ మొకటి శాసనములయందే కలదు. ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ టూర్నియే మొదలగు పండితులు ఆంధ్రదేశపు ప్రాచీనశాసనముల నంతర్జాలమున సంకలించిరి. నాగార్జునకొండ శాసనములు నందున్నవి. ప్రతి శాసనమునకు వేఱుసంఖ్య, పాఠము, పూర్వపండితుల చదువుల తారతమ్యము నీయబడుటచే, ఒక పంక్తిని మాత్రమే యుదాహరించినవానిని సంఖ్యబట్టి మూలముతో బోల్చిచూడవచ్చును. ఖండమునకు పూర్ణముతోడి బంధము తెగకుండ నంతర్జాలముననే నిలుపుట సాధ్యమని యిది నిరూపించుచున్నది.

వార్తయు సాక్ష్యమును

వీరకథ కేర్పడిన యవస్థయే నేటి పలనాటి రాజకీయవార్తకును నేర్పడినది. దీనిని దెలిసికొనుటకు రెండు సంఘటనలను బోల్చుట మేలు.

అడవిలో పశువులను మేపుటకు విధింపబడిన పుల్లరిని జెల్లింపరాదని 1921, 1922 సంవత్సరములలో పలనాటి రైతులు నిరాకరణోద్యమము జరిపిరి. మించాలపాడులో నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసుల కాల్పులకు బలియయ్యెను. ఆ యుద్యమముతో సంబంధము గల ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెఱసాల కేగి యచ్చట మాలపల్లి నవలను రచించిరి. ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆనాడు మించాలపాడులో కెమేరా లేదు. చూచినవారి నోటిమాటయు, పత్రికలును, పాటలును సాక్ష్యములు. 1867 నాటి చట్టము ననుసరించి ముద్రితమైన ప్రతి పత్రమునను ముద్రాపకుని పేరును ప్రకాశకుని పేరును నుండవలసి యుండెను. ఆ నియమము ప్రభుత్వమునకు అణచివేతకు సాధనమైన మాట నిజమే. కాని పాఠకునకు దానివలన నొక యుపయోగము గలిగెను: ఈ మాటకు బాధ్యుడెవ్వడో తెలియుచుండెను.

రెండవ సంఘటన 2024 నాటిది. మే 13వ తేదీన శాసనసభకును లోకసభకును పోలింగు జరుగగా మాచర్ల, నరసరావుపేట ప్రాంతములలో ఘర్షణలు చెలరేగినవి. 16వ తేదీన ఎన్నికల సంఘము జిల్లా పోలీసు సూపరింటెండెంటును సస్పెండు చేయవలెననియు, కలెక్టరును బదిలీ చేయవలెననియు నాజ్ఞాపించెను. మాచర్ల నియోజకవర్గమున నేడు కేంద్రములలో వోటింగు యంత్రములకు హాని గలిగినదని సంఘము తెలిపెను. వానిలో పాల్వాయిగేటు కేంద్రమున యంత్రము నేలగొట్టబడిన దృశ్యము అచ్చటి వెబ్ కెమేరాకు జిక్కినది. పోలింగునకు వారము దినముల పిమ్మట ఆ దృశ్యము బయటబడి ఫోనునుండి ఫోనునకు బ్రాకి దేశమంతట వ్యాపించెను. సంఘము నేరవిచారణకు నాదేశించెను. ఇతర కేంద్రములలో నాడు జరిగినదెల్ల జూపక యీ ముక్క నొక్కదానినే బయటబెట్టుటేల యని రెండవ పక్షమువారు ప్రశ్నించిరి.

ఇందు నిర్ణయింపవలసిన దోషాదోషములు న్యాయస్థానములవి. చరిత్రకారునకు గావలసినది వేఱు. 1922లో లేని సాక్ష్యము 2024లో గలిగినది. మాఱుమూల గ్రామమునందలి గదిలో జరిగినది దాచుటకు వీలులేనిదయ్యెను. వోటరున కింతకుమించిన రక్ష లేదు. దానిని దక్కువ చేయరాదు. అయినను సాక్ష్యము ఖండముగా మాత్రమే వెలువడుటచే, చూచినవారు తమతమ పక్షములనుబట్టి దానికి ముందువెనుకలను గల్పించుకొనిరి. ఖండమును దాచుట దీనికి మందు గాదు. అన్ని కేంద్రముల దృశ్యములును, కాలనిర్దేశముతో, ఒక బాధ్యతగల స్థానమున భద్రపఱచి న్యాయవిచారణ కందించుటయే మందు.

ఫోనులలో దిరుగు వాక్యమునకును వీడియోకును ముద్రాపకుడు లేడు, ప్రకాశకుడు లేడు. వాట్సాపు సంస్థవారు 2018లో భారతదేశమున నొక సందేశమును ఒక్కమాఱు అయిదు చోట్లకు మించి పంపరాకుండ గట్టడి చేసిరి. పరులనుండి వచ్చిన మాట యని తెలుపు గుఱుతును జేర్చిరి. ఆ గుఱుతు మాట మూలమున నెవరిదో చెప్పదు. పంపినవానిది కాదని మాత్రము చెప్పును. అలరాజు పలనాటికి రాయబారిగా వచ్చినపుడు ఆయన యెవరి పక్షమున వచ్చెనో, ఎవరి మాట తెచ్చెనో సభకు దెలియును. పేరులేని దూతలు వేలకొలది దిరుగుచున్న కాలమున, విషము దూతకు బెట్టవలసిన పనిలేదు. మాటలోనే కలిపి పంపవచ్చును.

కర్తవ్యము

పలనాడు పక్షకలహముల చేదు నెఱిగిన సీమ. అట్టిచోట వీరకథనుండి యొక తొడగొట్టిన ఘట్టమును మాత్రము తుంచి, రాయబారమును విడిచి, చాపకూడును విడిచి, యుద్ధానంతరపు శోకమును విడిచి, తమ కులమునకో పక్షమునకో పతాకగా నెత్తుకొనుట యంతర్జాలమున మిక్కిలి సులభము. శ్రీనాథుని కావ్యము కాలముయొక్క నిర్దయచే ఖండమయ్యెను. నేటి ఖండనము మనుష్యుల యిచ్ఛచే జరుగునది. మొదటిదానికి విచారింపవచ్చును, రెండవదానిని వారింపవచ్చును.

వారించు నుపాయములు గొప్పవి గావు. జీవించియున్న వీరవిద్యావంతుల గానమును, వారి యంగీకారముతోడను దగిన ప్రతిఫలముతోడను, ఆద్యంతముగా రికార్డు చేయవలెను. పాడినవారి పేరును, గురుపరంపరయు, గ్రామమును, తేదీయు దానితో నుండవలెను. ముద్రితపాఠమును బొమ్మగా గాక, వెదకుటకు వీలగు నక్షరములుగా నెక్కించి, పంక్తులకు సంఖ్య లీయవలెను. ఒక్క నిమిషపు వీడియోనుండి పూర్ణగానమునకు దారి చూపవలెను. ఒక్కచోట గాక పలుచోట్ల ప్రతు లుంచవలెను. నరసరావుపేట, మాచర్ల, గురజాలలలోని కళాశాలలును గ్రంథాలయములును పూనుకొన్నచో నిందు దుస్సాధ్య మేదియు లేదు. కావలసిన యంత్రములలో జాలభాగ మిప్పటికే విద్యార్థుల చేతులలో నున్నవి.

గానమునకు సభ రక్షకము. అచ్చునకు సంపాదకుడు రక్షకుడు. శాసనమునకు ప్రతి దీసిన పండితుడు రక్షకుడు. అంతర్జాలమునకు రక్షకులు చదువరులే కావలెను. ప్రతి ఖండమును జూచినపుడు దీని తక్కిన భాగ మెక్కడ నున్నదని యడుగుట వారి మొదటి ధర్మము.